81 సెంట్ల తగాదా

71,090 డాలర్లు. 57,520 డాలర్లు. ఏడాది పొడవునా పూర్తికాలం ఉద్యోగం చేసిన అమెరికా మగవారికి 2024లో వచ్చింది మొదటి మొత్తం. అదే లెక్కన ఆడవారికి వచ్చింది రెండోది. ఇవి ఆ దేశపు జనగణన శాఖ వేసిన లెక్కలు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 80.9 శాతం వస్తుంది. ‘మగవాడికి డాలరు, ఆడమనిషికి 81 సెంట్లు’ అనే నినాదానికి మూలం ఇదే. అంకె ఏటా కాస్త కదులుతుంది. 2022లో 84, మరుసటేడు 82.7. నినాదం మాత్రం అలాగే ఉంటుంది.

దీనికి ఎదురు వాదం కూడా అంతే గట్టిగా వినిపిస్తోంది. ‘జీతాల్లో తేడా అన్నదే కట్టుకథ. ఆధునిక స్త్రీవాదం దాన్ని పట్టుకుని వేలాడుతోంది. ఆడవాళ్లు తక్కువ గంటలు చేస్తారు, జీతం తక్కువ వచ్చే చదువులు ఎంచుకుంటారు, అందుకే తక్కువ వస్తుంది’ అంటారు. అమెరికాలో పుట్టిన ఈ పోట్లాట చిన్న చిన్న వీడియోలుగా మన ఫోన్లలోకీ దిగింది. కొడుకు ఒక వీడియో, కూతురు ఇంకో వీడియో చూపించి వాదించుకుంటుంటే పెద్దవాళ్లకు ఎవరి మాట నమ్మాలో పాలుపోదు. తమాషా ఏమిటంటే రెండు వీడియోల్లోనూ అంకెలు చాలావరకు సరైనవే ఉంటాయి. ఏ ప్రశ్నకు ఏ అంకె జవాబో ఎవరూ చెప్పరు, తిరకాసంతా అక్కడుంది.

ముందు అంకెను ఇంటి ఖర్చుల స్థాయికి దించుదాం. ఏడాదికి తేడా 13,570 డాలర్లు, అంటే నెలకు 1,130 పైచిలుకు. అమెరికాలో ఉన్న మన పిల్లల్ని అడగండి. కారు కిస్తీ, దాని బీమా, నెల సరుకులు కలిపితే దగ్గర దగ్గర అంత అవుతుందంటారు. చిన్న మొత్తమేమీ కాదు.

ఇవి సగటు జీతాలు కావు, మధ్యస్థ జీతాలు. అందరినీ జీతం ప్రకారం వరసలో నిలబెడితే నట్టనడుమ నిలబడిన మనిషి జీతమే మధ్యస్థం. మన వీధిలోకి ఒక కోటీశ్వరుడు వచ్చి ఇల్లు కొంటే వీధి సగటు ఆదాయం ఒక్కసారిగా పెరుగుతుంది, మధ్యస్థం దాదాపు అక్కడే ఉంటుంది. కాబట్టి కంపెనీ అధిపతుల కోట్లు ఈ లెక్కను పాడుచెయ్యలేదు. వచ్చిన చిక్కు ‘పూర్తికాలం’ అన్న మాటతో. వారానికి 35 గంటలు పనిచేస్తే చాలు, పూర్తికాలం కిందే లెక్క. 36 గంటలు చేసే బడి టీచరూ, 60 గంటలు చేసే సర్జనూ ఒకే వరసలో నిలబడతారు. ఎవరు ఏ పని చేస్తున్నారు, ఎన్నేళ్ల అనుభవం, ఎన్ని గంటలు అన్నవి ఈ భాగహారంలో లేనే లేవు.

‘అయితే ఒకే పనికి 81 సెంట్లు ఇస్తున్నారన్న మాట తప్పేనా?’ అని మీరడిగితే, అవును, తప్పే. ఈ అంకె ఆ సంగతి చెప్పదు. 2014లో అధ్యక్షుడు ఒబామా అమెరికా కాంగ్రెస్ ఉభయసభల ముందు ప్రసంగిస్తూ అప్పటి అంకె 77 సెంట్లను ప్రస్తావించి, ఇది సిగ్గుచేటు అన్నారు. ఆ వెంటనే అమెరికన్ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ వాళ్లు శ్వేతసౌధం సిబ్బంది జీతాలకే అదే భాగహారం వేశారు. అక్కడి మహిళలకు మగవారి జీతంలో 88 శాతమే వస్తోందని తేలింది. విలేకరులు అడిగితే శ్వేతసౌధం ప్రతినిధి, మా దగ్గర ఒకే హోదాలో ఉన్నవారికి ఒకే జీతం అన్నారు. ఆ మాట నిజమే అయ్యుండొచ్చు. కానీ అధ్యక్షుడి విమర్శకులు అంతకాలంగా చెబుతున్నదీ సరిగ్గా అదే!

ఆ విమర్శకుల్లో బాగా వినబడిన గొంతు క్రిస్టినా హాఫ్ సోమర్స్‌ది. ఆమె తత్వశాస్త్రం బోధించిన ఆచార్యురాలు. 1994లో ‘హూ స్టోల్ ఫెమినిజం?’ అనే పుస్తకం రాశారు. చట్టం ముందు, అవకాశాల్లో సమానత్వం కోరిన పాత స్త్రీవాదం తనకు సమ్మతమేననీ, ఆడవారిని ఎప్పుడూ బాధితులుగానే చూపించే కొత్త ధోరణితోనే తనకు పేచీ అనీ ఆమె అంటారు. ఆ కోవలోనే వారెన్ ఫారెల్. స్త్రీవాద సంస్థ ‘నౌ’ న్యూయార్క్ శాఖ బోర్డులో ఒకప్పుడు పనిచేసిన మనిషి, 2005లో ‘వై మెన్ ఎర్న్ మోర్’ రాశారు. మగవారు ఎక్కువ గంటలు, ఎక్కువ ప్రమాదం, ఎక్కువ ప్రయాణం ఉన్న పనుల్ని ఒప్పుకుంటారు కాబట్టే ఎక్కువ సంపాదిస్తారని ఆయన వాదన. ప్రమాదం సంగతిలో అబద్ధమేమీ లేదు. 2022లో అమెరికాలో పనిచేస్తూ చనిపోయినవారు 5,486 మంది, అందులో మహిళలు 8 శాతం చిల్లర. అయితే ప్రమాదకరమైన పనులన్నిటికీ పెద్ద జీతాలేమీ రావు. చెట్లు నరికేవాడి కంటే, ఇంటి కప్పులు వేసేవాడి కంటే ఏసీ గదిలో కూర్చున్న బ్యాంకరుకే ఎక్కువ. అందుకే ఈ కారణం వినడానికి బరువుగా ఉన్నా లెక్కలో తేలిపోతుంది.

మరి ఆ తేడా అసలు దేని వల్ల వస్తోంది? కార్నెల్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తలు ఫ్రాన్సీన్ బ్లావ్, లారెన్స్ కాన్ 2017లో ప్రచురించిన లెక్క ఇందుకు బాగా పనికొస్తుంది. 2010 నాటి వివరాలు తీసుకుని వారు గంట జీతాలను పోల్చారు. గంటకు పోల్చడంతో ‘తక్కువ గంటలు చేస్తారు’ అన్న గొడవ చాలావరకు పక్కకు పోతుంది. అప్పటికీ మగవాడి 100 డాలర్లకు ఆడవారికి 79.3 వచ్చాయి. తేడా 20.7. ఆ తేడాను 100 రూపాయలనుకుని విడగొడదాం. ఏ వృత్తి, ఏ పరిశ్రమ అన్నదానికి 50 రూపాయల చిల్లర పోయింది. అనుభవంలో తేడాకు 14. జాతి వగైరాలకు నాలుగైదు. చదువు దగ్గర లెక్క తిరగబడింది. ఆడవారే ఎక్కువ చదువుకున్నారు కాబట్టి చదువు ఒక్కటే చూస్తే వారికే ఎక్కువ రావాలి, అంటే అక్కడ ఆరు రూపాయలు ఎదురు జమ. ఇలాంటివన్నీ కలిపి తీసేశాక 38 రూపాయలకు ఏ కారణమూ దొరకలేదు. డాలర్లలోకి మారిస్తే, అన్నీ సరిపోల్చిన ఇద్దరిలో మగవారికి 100 వస్తే ఆడవారికి 91.6.

2009లో అమెరికా కార్మిక శాఖ కోసం ఒక ప్రైవేటు సంస్థ ఇలాంటి లెక్కే వేసి, మిగిలిన తేడా 4.8 నుంచి 7.1 శాతం అని చెప్పింది. ‘కట్టుకథ’ అనేవారు ఎక్కువగా చూపించేది దీన్నే. అంటే రెండు పక్షాల నడుమ ఉన్న అసలు దూరం 19కీ సున్నాకీ మధ్య కాదు. 19 మాట చెప్పేవారు ఏమీ తీసెయ్యకుండా చెబుతున్నారు. 5 నుంచి 8 అనేవారు తీసెయ్యగలిగినవన్నీ తీసేసి చెబుతున్నారు. సున్నా అనేవారికి మాత్రం ఏ లెక్కా ఆసరా లేదు.

ఆ మిగిలిన ఎనిమిదీ వివక్షేనా అంటే అవుననలేం, కాదనలేం. కారణం దొరకని చోట వివక్ష ఉండొచ్చు. జీతం బేరమాడటంలో తేడా ఉండొచ్చు. పరిశోధకులు కొలవలేని ఇంకేదో కూడా ఉండొచ్చు. కానీ కారణం దొరికిన చోట వివక్ష లేదని కూడా చెప్పలేం. ఈ రెండో సంగతి చాలామంది మరిచిపోతారు. ఇద్దరూ మేనేజర్లయితే జీతం సమానంగా ఉండొచ్చు, కానీ ఆమెను మేనేజరు కానివ్వకపోతే? ఆ తేడా లెక్కలో ‘వృత్తి’ అనే గడిలోకి వెళ్లి, కారణం దొరికిన ఖాతాలో పడిపోతుంది.

నేరుగా జరిగే వివక్ష ఎలా ఉంటుందో లిల్లీ లెడ్‌బెటర్ కేసు చూపిస్తుంది. అలబామా రాష్ట్రంలో గుడ్‌ఇయర్ టైర్ల కర్మాగారంలో ఆమె సూపర్‌వైజరు. 1997 చివరికి ఆ హోదాలో 16 మంది ఉంటే మహిళ ఆమె ఒక్కరే. ఆమెకు నెలకు 3,727 డాలర్లు. మిగతా 15 మందిలో అందరికంటే తక్కువ వచ్చేవాడికి 4,286, ఎక్కువ వచ్చేవాడికి 5,236. ఈ సంగతి ఆమెకు తెలిసింది ఎవరో పేరు రాయకుండా పెట్టిన చీటీ వల్ల. జ్యూరీ ఆమె పక్షాన తీర్పు చెప్పింది. 2007లో సుప్రీంకోర్టు మాత్రం 5–4తో ఆమెకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. జీతం నిర్ణయించిన 180 రోజుల్లోపు ఫిర్యాదు చెయ్యలేదని కారణం చూపింది. పక్కవాడి జీతమెంతో తెలియనప్పుడు 180 రోజుల్లో ఫిర్యాదు చెయ్యడం ఎలాగో న్యాయమూర్తులే చెప్పాలి. 2009 జనవరిలో ఒబామా సంతకం చేసిన మొదటి చట్టం ఈ గడువు నిబంధనను సరిదిద్దినదే, ఆమె పేరుతోనే ఉంది.

ఇలాంటి కేసులు ఉన్నాయి, ఉంటాయి. కానీ దేశం మొత్తం మీద కనబడే తేడాలో పెద్ద వాటా వీటిది కాదు. అది ఎక్కడుందో తెలియాలంటే వివక్షకు చోటే లేని పనిని చూడాలి.

బోస్టన్ నగరంలో బస్సులు, రైళ్లు నడిపే డ్రైవర్లకు యూనియన్ ఒప్పందం ఉంది. సర్వీసు ఒకటే అయితే గంట జీతం ఆడా మగా అందరికీ ఒకటే. పై అధికారి ఇష్టాయిష్టాలకు తావులేదు. అయినా వాలెంటిన్ బొలొట్నీ, నటాలియా ఇమాన్యుయెల్ అనే ఆర్థికవేత్తలు లెక్క తీస్తే మగ డ్రైవరు డాలరుకు ఆడ డ్రైవరుకు 89 సెంట్లే చేతికొస్తున్నాయి. మగవారు 83 శాతం ఎక్కువ గంటల ఓవర్‌టైం చేశారు, జీతం లేని సెలవు గంటలు 48 శాతం తక్కువ వాడారు. అప్పటికప్పుడు ‘రేపు పొద్దున రాగలవా?’ అంటే మగవాడు సై అంటాడు. ఒంటరి తల్లికి అది కుదరదు.

ఊబర్‌లో పై అధికారి అనే మనిషి కూడా ఉండడు, కిరాయి లెక్కగట్టేది యంత్రం. అక్కడ 18 లక్షలకు పైగా డ్రైవర్ల వివరాలు తీస్తే గంట సంపాదనలో 7 శాతం తేడా కనిపించింది. అందులో సగం దాకా కేవలం బండి నడిపే వేగం వల్ల వచ్చింది. మగవారు రెండు శాతం చిల్లర వేగంగా నడుపుతారు. మిగతాది యాప్ మీద అనుభవం వల్ల, ఎక్కడ నడుపుతారన్న దాని వల్ల. నేరాలు ఎక్కువ జరిగే ప్రాంతాల్లో, బార్లున్న చోట్ల నడపడానికి మగవారు వెనుకాడటం తక్కువ. విమర్శకులు దీన్ని ఎంపిక అంటారు. ఎంపికే. కానీ చీకటి పడ్డాక బారు ముందు బండి ఆపడానికి జంకడం ఏ రకం ఎంపికో వారు ఇంకాస్త ఆలోచించాలని నా అభిప్రాయం. సోమర్స్ లాంటివారు చేసే తీసివేతల్లో తప్పు పట్టలేం. ‘ఎంపిక’ అన్న మాట దొరకగానే లెక్క పుస్తకం మూసెయ్యడమే తొందరపాటు.

డెన్మార్క్ పరిశోధన చూశాక ఆ పుస్తకం మూయడం మరీ కష్టం. హెన్రిక్ క్లెవెన్, ఆయన సహ పరిశోధకులు 2019లో దీన్ని ప్రచురించారు. తొలి బిడ్డ పుట్టకముందు ఆడవారి సంపాదన, మగవారి సంపాదన దాదాపు పక్కపక్కనే నడిచాయి. బిడ్డ పుట్టగానే తల్లి సంపాదన ఒక్కసారిగా పడిపోయింది, తండ్రి సంపాదన గీత చెక్కుచెదరలేదు. ఏళ్లు గడిచినా తల్లి దాదాపు 20 శాతం వెనకే ఉండిపోయింది. గుర్తుంచుకోండి, ఇది సర్కారు శిశు సంరక్షణ కేంద్రాలు, పొడవాటి ప్రసూతి సెలవులు ఉన్న దేశం. మొత్తం తేడాలో పిల్లల వల్ల వచ్చే వాటా అక్కడ 1980లో 40 శాతం ఉంటే 2013కి 80 శాతం అయింది. మిగతా కారణాలు ఒక్కొక్కటే అరిగిపోగా ఇదొక్కటే గట్టిగా నిలిచింది.

మరి పిల్లల్ని కన్నది ఇద్దరూ కదా, నష్టం ఒకరికే ఎందుకు? 2007లో షెల్లీ కొరెల్, ఇద్దరు సహచరులు ఒక పరీక్ష పెట్టారు. అన్ని విధాలా సమానమైన ఉద్యోగ దరఖాస్తులు తయారుచేసి, కొన్నిటిలో మాత్రం పిల్లలున్నారని తెలిసేలా ఒక ముక్క రాశారు. తల్లులకు మదింపుదారులు సూచించిన తొలి జీతం పిల్లల్లేని ఆడవారి కంటే ఏడాదికి 11,000 డాలర్లు తక్కువ. తండ్రులకు ఏమీ తగ్గలేదు, పైగా కాస్త పెరిగింది. నిజమైన కంపెనీలకు పంపినప్పుడు పిల్లల్లేని ఆడవారికి తల్లుల కంటే రెట్టింపుకు పైగా పిలుపులు వచ్చాయి. ఇక్కడ ఆ తల్లి ఎంచుకున్నదేమీ లేదు. అసలు ఆమె లేనే లేదు, కాగితం మీది పేరు మాత్రమే.

ఇంకో సగం కథ చెప్పినవారు క్లాడియా గోల్డిన్. హార్వర్డ్ ఆచార్యురాలు, 2023లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్నారు. ఆ బహుమతిని ఎవరితోనూ పంచుకోకుండా ఒంటరిగా గెలుచుకున్న మొదటి మహిళ ఆమే. షికాగో విశ్వవిద్యాలయంలో ఎంబీఏ చదివినవారిని ఆమె, మరో ఇద్దరు కలిసి పరిశీలించారు. ఉద్యోగంలో చేరినప్పుడు ఏడాదికి ఆడవారికి సగటున 1,15,000 డాలర్లు, మగవారికి 1,30,000. తొమ్మిదేళ్లకు ఆడవారికి 2,50,000, మగవారికి 4,00,000. చదువు ఒకటే, బడి ఒకటే, మొదటి రోజు తేడా కొద్దిదే. తర్వాత తెరిపి లేకుండా ఉద్యోగం చేశారా, వారానికి ఎన్ని గంటలు చేశారు అన్నవి తేడాను ఇంతగా పెంచాయి.

గోల్డిన్ ఇలాంటి కొలువులకు పెట్టిన పేరు ‘గ్రీడీ’ ఉద్యోగాలు, మనిషి సమయాన్నంతా మింగేసే ఉద్యోగాలన్నమాట. ఎక్కువ గంటలు చేస్తే ఎక్కువ డబ్బు రావడంలో వింత లేదు. ఇక్కడ ప్రతి గంట ధర కూడా పెరుగుతుంది. నా సొంత ఉదాహరణ ఒకటి చెబుతాను. భార్యాభర్తలిద్దరూ ఒకే చదువు చదివారు. వారానికి 40 గంటల ఉద్యోగానికి నెలకు 60,000 రూపాయలు. రాత్రి ఫోన్ వచ్చినా ఎత్తాల్సిన 55 గంటల ఉద్యోగానికి 1,10,000. గంటలు పెరిగింది మూడో వంతుకు కాస్త పైన, జీతం పెరిగింది 83 శాతం. ఇంట్లో చిన్నబిడ్డ ఉంది, ఇద్దరూ రెండో రకం ఉద్యోగం చెయ్యలేరు. ఇద్దరూ మొదటి రకమే చేస్తే ఇంటికి 1,20,000. ఒకరు మొదటిది, ఒకరు రెండోది చేస్తే 1,70,000. అంటే ఆ ఇంట్లో ఆలుమగల మధ్య సమానత్వానికి నెలకు 50,000 రూపాయల ఖరీదు. ఇంటి కిస్తీ ఉన్నవాళ్లు ఎంతమంది అంత ఖరీదు పెట్టగలరు? ఎవరో ఒకరు తగ్గాలి అన్నప్పుడు ఎవరు తగ్గుతారో మన ఇళ్లలో వేరే చెప్పాలా.

ఈ ఇంట్లో ఎవరూ ఎవరికీ అన్యాయం చెయ్యలేదు. భర్త దుర్మార్గుడు కాదు, కంపెనీ ఆడవారికి వేరే జీతాల పట్టిక పెట్టలేదు. ‘సమాన పనికి సమాన వేతనం’ చట్టం అమెరికాలో 1963 నుంచీ ఉంది, దాన్ని ఎంత బిగించినా ఈ 50,000 కదలదు. స్త్రీవాద నినాదం మీద నాకున్న ఫిర్యాదు ఇదే. 81 సెంట్లను ‘ఒకే పనికి తక్కువ జీతం’ అని చెప్పడం వల్ల జనం దొంగ యజమాని కోసం వెతుకుతున్నారు. గంటల ధర నిర్ణయమయ్యే తీరును ఎవరూ పట్టించుకోవడం లేదు.

ఆ తీరు మార్చడం సాధ్యమేనా అన్న అనుమానం రావాలి. మందుల షాపులను చూడండి. అమెరికాలో ఫార్మసిస్టుల గురించి గోల్డిన్, లారెన్స్ కాట్జ్ రాసిన వ్యాసం 2016లో వచ్చింది. 1970లో ఆ వృత్తిలో ఆడవారికి మగవారి జీతంలో మూడింట రెండు వంతులు వచ్చేది. ఆ వ్యాసం నాటికి 92 శాతం దాకా చేరింది, ఆ వృత్తిలో సగానికి పైగా ఆడవారే. ఇందుకోసం ఎవరూ ఉద్యమం చెయ్యలేదు. పూర్వం షాపు యజమానే ఫార్మసిస్టు, ఫలానా రోగి సంగతి ఆయనకే తెలుసు, షాపు తెరిచి ఉన్నంతసేపూ ఆయనే ఉండాలి. తర్వాత పెద్ద గొలుసు దుకాణాలు వచ్చాయి, రోగి వివరాలు కంప్యూటర్లోకి ఎక్కాయి, మందులు ఒకే తీరులో తయారై వచ్చాయి. ఒకరి బదులు ఇంకొకరు నిలబడినా పనికి లోటు రావడం లేదు. దాంతో 20 గంటలు చేసినా 45 గంటలు చేసినా గంట ధర ఇంచుమించు ఒకటే అయింది. బీఫార్మసీ చదివి అమెరికా వెళ్లాలనుకునే మన అమ్మాయిలు ఎందరో ఉన్నారు. వారిలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో! లాయర్లకూ, కన్సల్టెంట్లకూ ఇది అంత తేలిక కాదు, కక్షిదారుకు ‘మా లాయరే’ కావాలి.

ఈ స్త్రీవాదం మీద విమర్శ వామపక్షం నుంచి కూడా ఉంది. సింజియా అరుజ్జా, తిథి భట్టాచార్య, నాన్సీ ఫ్రేజర్ 2019లో ‘ఫెమినిజం ఫర్ ది 99 పర్సెంట్’ పేరుతో ఒక ప్రకటన పుస్తకం వేశారు. కంపెనీ పైమెట్ల మీద ఆడా మగా సమానంగా కూర్చుంటే చాలనుకునే స్త్రీవాదం వారికి గిట్టదు. పైన చెప్పిన దంపతులే ఆయాను పెట్టుకుని ఇద్దరూ పెద్ద ఉద్యోగాలు చేశారనుకోండి. వారిద్దరి మధ్య తేడా మాయమవుతుంది. ఆ ఆయా జీతం సంగతి ఎవరూ అడగరు.

తేడా తగ్గడం ఎప్పుడూ శుభవార్తేనా అన్నది ఇంకో అనుమానం. 2023 లెక్కల్లో ఐరోపా సమాఖ్యలో ఈ తేడా 12 శాతం చుట్టుపక్కల ఉంది. జర్మనీలో 18 దగ్గర, ఇటలీలో 5 లోపే. అలాగని ఇటలీ ఆడవారి స్వర్గమేమీ కాదు. ఉద్యోగాలు చేసే మహిళల శాతం ఐరోపాలో బాగా తక్కువగా ఉన్న దేశాల్లో అదొకటి. తక్కువ జీతం వచ్చే అవకాశమున్నవారు చాలామంది అసలు ఉద్యోగానికే రాకపోతే, వచ్చినవారి జీతాలు మగవారికి దగ్గరగానే కనిపిస్తాయి. డాలస్‌లో హెచ్-4 వీసా మీద పని అనుమతి లేక ఇంట్లో కూర్చున్న మన ఇంజినీరమ్మాయి కూడా 81 సెంట్ల లెక్కలో ఎక్కడా లేదు. మగవారి జీతాలు కుంగినా తేడా తగ్గుతుంది. 1963లో 59 సెంట్లున్న నిష్పత్తి 80 దాటడంలో ఆడవారి చదువుదీ, అనుభవానిదీ పెద్ద పాత్రే. కానీ 1970ల తర్వాత దశాబ్దాలపాటు, ధరల పెరుగుదల తీసేస్తే, అమెరికా మగవారి మధ్యస్థ జీతం పెద్దగా కదలకపోవడం కూడా అందులో ఒక భాగం. 2022 నుంచి 2024 లోపు నిష్పత్తి 84 నుంచి 81కి జారింది. 2024లో మగవారి జీతాలు 3.7 శాతం పెరగగా ఆడవారివి చెప్పుకోదగ్గంత కదల్లేదు.

ఇక మన సంగతి. అమెరికా వీడియో చూసి ‘జీతాల తేడా కట్టుకథ’ అనే కుర్రాడు ఒకసారి పొలం గట్టు మీదికి రావాలి. మన పల్లెల్లో ఆడకూలి వేరు, మగకూలి వేరు. రోజు కూలి రేటు పనిని బట్టి కాకుండా మనిషిని బట్టే ఉండటం చాలాచోట్ల మామూలు. కేంద్ర లేబర్ బ్యూరో సైతం గ్రామీణ కూలి రేట్లను ఆడవారివి, మగవారివి వేర్వేరు వరసల్లోనే ప్రచురిస్తుంది. నాట్లు, కలుపు, మిరపకోత ఆడవారి పనులనీ, దుక్కి, గట్లు, మందు కొట్టడం మగవారివనీ, పనులు వేరు కాబట్టి రేట్లు వేరనీ సర్దిచెప్పేవారున్నారు. మోకాలి లోతు బురదలో పొద్దంతా నడుం వంచి నాటు వేసే పని తేలికైనదని ఎవరు తేల్చారో మరి! ఇక్కడ బ్లావ్, కాన్ల తీసివేతలు అక్కర్లేదు. నినాదం ఉన్నదున్నట్టుగా వర్తిస్తుంది.

చట్టం లేక కాదు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. 1987లో సుప్రీంకోర్టు మెకిన్నన్ మెకంజీ కేసులో మహిళా స్టెనోగ్రాఫర్లకు మగవారితో సమానంగా ఇవ్వాల్సిందేనని తీర్పిచ్చింది. ఆ చట్టం స్థానంలో తెచ్చిన 2019 వేతనాల స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకొచ్చింది. ఆఫీసు మహిళ కోర్టుకెక్కగలదు, ఎక్కింది. నాట్ల ముఠా కోర్టుకెక్కదు. చట్టం కంటే చెల్లింపు పద్ధతి మార్చిన చోటే తేడా పోయింది. పత్తి తీతకు కిలో లెక్కన ఇస్తే ఎవరు తీసినా రేటు ఒకటే. 2005 ఉపాధి హామీ చట్టం కింద కొలత ప్రకారం అందరికీ ఒకే రేటు పెట్టారు. దేశవ్యాప్తంగా ఆ పనిదినాల్లో సగానికి మించి మహిళలవే అయ్యాయి.

మన దేశంలో ఇంకో పెద్ద అంకె జీతాల లెక్కలోకే రాదు. కేంద్ర సర్వే ప్రకారం పని చేస్తున్న, లేదా పని వెతుక్కుంటున్న పదిహేనేళ్లు దాటిన మహిళలు 2017–18లో 23.3 శాతం, 2023–24లో 41.7. పెరుగుదల బాగానే ఉంది. కానీ పనిచేస్తున్నవారిలో మూడో వంతుకు పైగా సొంత పొలంలోనో, ఇంటి వ్యాపారంలోనో జీతం లేకుండా సాయం చేసేవారు. సున్నాను భాగించడానికి ఏముంటుంది? వారు ఏ పోలికలోనూ కనబడరు.

ఇంటి చాకిరీ గురించి రచయిత్రులు రంగనాయకమ్మ, ఓల్గా దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. ఇప్పుడు దానికి సర్కారీ కొలత కూడా ఉంది. 2024 సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని రోజులో కాస్తయినా చేసినవారు మహిళల్లో 81.5 శాతం, మగవారిలో 27.1 శాతం. చేసినవారు వెచ్చించిన సమయం మహిళలకు 289 నిమిషాలు, మగవారికి 88. పత్రికలు ఈ 289, 88లను పక్కపక్కన పెట్టి శీర్షిక పెడతాయి. చూడ్డానికి మూడింతల తేడా. అది ఇంటిపని చేసే మగవాడితో పోలిక మాత్రమే. అసలేమీ చెయ్యని మగవారినీ, ఆడవారినీ కూడా కలిపి అందరి మీదా పంచితే మహిళకు రోజుకు సుమారు 235 నిమిషాలు, మగవాడికి 24. తేడా పదింతలకు దగ్గర. పైన చెప్పిన 55 గంటల ఉద్యోగం మన ఇంట్లో ఎవరికి వీలవుతుందో ఆ మూడున్నర గంటల తేడాయే నిర్ణయిస్తుంది. అందులో బిడ్డను చూసుకునే సమయం ఇంకా కలపలేదు. సర్వేలో దానికి వేరే గడి ఉంది.